తోటకైతే రిసీవరు ఉన్నాడు

కోనసీమలో అన్నదమ్ములు కొబ్బరితోట కోసం కోర్టుకెక్కితే, దావా తేలేదాకా చెట్లు ఆగవు. కాయ ముదురుతుంది. దింపు తీయించాలి, నీళ్ళు పెట్టించాలి, పన్ను కట్టాలి. అందుకని కోర్టు ఒక రిసీవరును వేస్తుంది. సాధారణంగా ఆ కోర్టులోనే ప్రాక్టీసు చేసే ఒక ప్లీడరును. ఆయన తోటకు పాట పెడతాడు, వచ్చిన సొమ్ము కోర్టులో జమచేస్తాడు, లెక్క అప్పజెబుతాడు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 40వ ఆర్డరు ఇందుకే ఉంది. అలా చేయడం న్యాయంగానూ అనువుగానూ ఉంటుందని తోస్తే కోర్టు ఒక ఆస్తి నిర్వహణను రిసీవరు చేతిలో పెట్టవచ్చు. చదువు రాని రైతుకు కూడా ఈ ఇంగ్లీషు మాట తెలుసు. కక్షిదారులు తగువులాడుకుంటుంటే మధ్యలో తోట ఎండిపోకూడదన్న ఇంగితం అందులో ఉంది.

ఇప్పుడు తోట స్థానంలో వికలాంగులుండే ఒక హోమ్‌ను ఊహించుకోండి. ఎనభైమంది ఉంటారు. కొందరు తమంతట తాము అన్నం తినలేరు, కొందరు మాట్లాడలేరు, కొందరికి రోజూ మూడుపూటలా ఫిట్స్ మందు పడాలి. యజమాని రెండు నెలలుగా జీతాలివ్వలేదు. వంటమనిషి మానేసింది. రాత్రి డ్యూటీకి ఒక్క ఆయా మిగిలింది. తనిఖీకి వచ్చిన అధికారి పడక పుండ్లు చూశాడు. ఆయన ఏం చేయాలి? లైసెన్సు రద్దు చేస్తే ఎనభైమంది వీధిన పడతారు. జరిమానా వేస్తే ఆ డబ్బు వాళ్ళ పప్పులోంచే కోసుకుంటారు. నోటీసిచ్చి ఊరుకుంటే మూడు నెలల తర్వాత మళ్ళీ అదే తనిఖీ, అవే పుండ్లు. నాలుగో దారి ఒకటుంది. మనుషులను వాళ్ళ మంచాల మీదే ఉండనిచ్చి, యజమానిని మాత్రం పక్కకు తప్పించి, హోమ్ తాళాలూ చెక్కుబుక్కూ కోర్టు నియమించిన మనిషి చేతిలో పెట్టడం. అమెరికాలో దాదాపు 50 ఏళ్ళుగా ఈ నాలుగో దారిని తొక్కి చూస్తున్నారు. అక్కడ ఏం ఫలించింది, ఏం బెడిసికొట్టింది, మన చట్టంలో ఆ దారి ఎందుకు కనిపించదు అన్నవే ఈ సమీక్షలోని ప్రశ్నలు.

కథ అలబామాలో, చాలా మామూలు విషయంతో మొదలైంది. 1970లో ఆ రాష్ట్రానికి సిగరెట్ పన్ను రాబడి తగ్గింది. ఆ పన్ను మానసిక ఆరోగ్య శాఖకు వెళ్ళేది. టస్కలూసాలోని బ్రైస్ ఆసుపత్రిలో వందమంది దాకా ఉద్యోగులను తీసేశారు. ఆ ఆసుపత్రిలో అప్పుడు 5 వేలకు పైగా రోగులున్నారు. ఉద్యోగాలు పోయినవాళ్ళు కోర్టుకు వెళుతూ, లోపల ఉన్న రికీ వయట్ అనే పదిహేనేళ్ళ కుర్రవాణ్ణి కూడా వాదిగా చేర్చారు. అతనికి ఏ మానసిక జబ్బూ లేదు. అల్లరి పిల్లవాడని అక్కడ పడేశారు. ఫెడరల్ జడ్జి ఫ్రాంక్ జాన్సన్ ఉద్యోగాల తగువును పక్కన పెట్టి, అసలు ప్రశ్నను పట్టుకున్నారు: ఒక మనిషిని అతని ఇష్టంతో పని లేకుండా చికిత్స పేరిట నిర్బంధించినప్పుడు, ఆ చికిత్స ఇవ్వకపోతే నిర్బంధానికి ఆధారమేమిటి? 1971 మార్చిలో, చికిత్స పొందడం వాళ్ళ రాజ్యాంగ హక్కని తీర్పు చెప్పారు. వయట్ వర్సెస్ స్టిక్నీ అన్న ఆ కేసు పేరు వికలాంగుల హక్కుల చరిత్రలో ఇప్పటికీ మొదటి వరుసలో ఉంటుంది.

తర్వాత అదే కేసులోకి పార్ట్‌లో స్టేట్ స్కూల్ వచ్చింది. మేధో వైకల్యం ఉన్నవాళ్ళను, అంటే మనం ఊళ్ళో బుద్ధిమాంద్యం అనేవాళ్ళను, ఉంచే సంస్థ అది. పేరుకే స్కూలు. అక్కడివాళ్ళకు స్నానం చేయించే పని మరో నివాసి మీద పడేది. వేడి ఎంతో చూడని నీళ్ళు పోయడంతో ఒకరు కాలి చనిపోయారు. తాళం వేయని మందుల బీరువాలోంచి తీసుకుని మింగి ఒకరు చనిపోయారు. వేళ్ళు చీకకుండా ఆపడానికి ఒకరిని తొమ్మిదేళ్ళపాటు చేతులు కట్టేసే చొక్కాలో ఉంచారు. ఇవన్నీ కోర్టు రికార్డులో ఉన్నవి. చదివిన ప్రతిసారీ ఆ తొమ్మిదేళ్ళ దగ్గర నేను ఆగిపోతాను. తొమ్మిదేళ్ళలో ఎంతమంది డాక్టర్లు, ఎంతమంది తనిఖీదారులు ఆ గది ముందు నుంచి నడిచి వెళ్ళి ఉంటారు!

1972 మార్చిలో జాన్సన్ తుది తీర్పు దాకా ఆగకుండా అత్యవసర ఉత్తర్వు ఇచ్చారు: 30 రోజుల్లో పార్ట్‌లోకు 300 మంది కొత్త సహాయకులను తీసుకోవాలి. ఏప్రిల్‌లో ప్రమాణాలు ప్రకటించారు. ఒక గదిలో ఆరుగురికి మించి పడుకోకూడదు. గది వేడి 68 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తగ్గకూడదు, 83కు మించకూడదు. ఎన్ని మరుగుదొడ్లు, ఎందరు నర్సులు, అన్నీ లెక్క కట్టి రాశారు. జడ్జికి మరుగుదొడ్ల లెక్క ఎందుకని అప్పట్లో చాలామంది ఎగతాళి చేశారు. ఆ లెక్క రాయకపోతే ఏమవుతుందో పార్ట్‌లో అప్పటికే చూపించింది.

అయితే ఆ ఏడాది జాన్సన్ సంస్థలను బయటివారికి అప్పగించలేదు. ప్రతి సంస్థకూ ఒక మానవ హక్కుల కమిటీని వేసి, రాష్ట్రానికి గడువిచ్చారు. అప్పటి గవర్నర్ జార్జ్ వాలస్, జాన్సన్ లా కాలేజీలో సహాధ్యాయులు. జడ్జిలు రాష్ట్రం మీద పెత్తనం చేస్తున్నారన్నది వాలస్ ఎన్నికల నినాదం. ఏడేళ్ళు గడిచాయి. ప్రమాణాలు కాగితం మీదే ఉన్నాయి. అప్పుడు కోర్టు రిసీవరు మాట ఎత్తింది. 1980లో రిసీవరుగా వేసినది రాష్ట్ర గవర్నర్‌నే, కొత్తగా ఎన్నికైన ఫాబ్ జేమ్స్‌ను.

పైకి వింతగా కనబడే ఈ నియామకంలో గట్టి లెక్క ఉంది. మానసిక ఆరోగ్య వ్యవస్థ ఒక స్వతంత్ర బోర్డు చేతిలో ఉండేది. గవర్నర్ బోర్డుదే తప్పనేవాడు, బోర్డు శాసనసభ డబ్బివ్వలేదనేది, శాసనసభ జడ్జి మీద నెట్టేది. బాధ్యత అలా చేతులు మారుతూ తిరుగుతుంటే పార్ట్‌లోలోని మనిషి మాత్రం కదల్లేక పడి ఉన్నాడు. గవర్నర్‌ను రిసీవరుగా వేయడంతో బోర్డు తెర తొలగింది, ఇక సాకు చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. అంతకు ముందటి ఏడాదే జాన్సన్ ఇదే గవర్నర్‌ను అలబామా జైళ్ళకూ రిసీవరుగా వేశారు. రిసీవరు అంటే బయటి మనిషేనని మనం అనుకుంటాం. అలబామా అనుభవం చూస్తే, చెల్లాచెదురైన అధికారాన్ని ఒకచోట చేర్చి, ఒకే మనిషి పేరు మీద రాయడమే అందులో అసలు కీలకమని నాకనిపిస్తుంది. కొన్నేళ్ళకు ఆ ఏర్పాటు ముగిసింది. కేసు మాత్రం 2003 డిసెంబరు దాకా, మొత్తం 33 ఏళ్ళు సాగింది. 2011లో పార్ట్‌లో మూతపడింది.

ఇక్కడ కొన్ని మాటల తేడా చెప్పుకోవాలి. అమెరికా కోర్టులు ఇలాంటి సంస్థల మీద మూడు రకాల మనుషులను వేస్తాయి. మానిటర్ చూసి, రాసి, కోర్టుకిస్తాడు. స్పెషల్ మాస్టర్ ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి, ఏం చేయాలో సిఫారసు చేస్తాడు. రిసీవరు సంతకం పెడతాడు. ఉద్యోగిని తీసుకునేదీ, పంపించేదీ, కిరాణా బాకీ తీర్చేదీ ఆయనే. మొదటి ఇద్దరికీ మూడో ఆయనకూ మధ్య ఉన్న దూరం ఆ చెక్కుబుక్కు దూరమే. అందుకే జడ్జిలు దీన్ని ఆఖరి అస్త్రంగా దాచుకుంటారు. న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్ కూడా పార్ట్‌లో లాంటి సంస్థే, దాని విషయంలో 1975లో రాజీ డిక్రీ కుదిరినప్పుడు పర్యవేక్షణకు ఏడుగురి సమీక్షా బృందాన్ని వేశారు. కొన్నేళ్ళకు శాసనసభ ఆ బృందానికి నిధులు నిలిపేసింది. పెన్సిల్వేనియాలో అలాంటిదే మరో సంస్థ అయిన పెన్‌హర్స్ట్ కేసులో జడ్జి రేమండ్ బ్రోడరిక్ 1977 తీర్పు తర్వాత స్పెషల్ మాస్టర్‌ను వేశారు. ఆ కేసు రెండుసార్లు సుప్రీంకోర్టు మెట్లెక్కింది. రాష్ట్ర చట్టాన్ని పాటించమని రాష్ట్ర అధికారులను ఆదేశించే అధికారం ఫెడరల్ కోర్టుకు లేదని 1984లో అక్కడ తేల్చారు. అప్పటికే పెన్‌హర్స్ట్ నుంచి చిన్న ఇళ్ళకు మారినవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించిన పరిశోధకులు వాళ్ళ నైపుణ్యాలూ జీవితమూ మెరుగుపడ్డాయని తేల్చారు. విల్లోబ్రూక్, పెన్‌హర్స్ట్ రెండూ 1987లో మూతపడ్డాయి.

చిన్న ఇళ్ళకు మారిస్తే చాలునా? వాషింగ్టన్ నగరం దీనికి బాధాకరమైన జవాబిచ్చింది. ఆ నగరానికి ఫారెస్ట్ హేవెన్ అనే సంస్థ ఉండేది. 1925లో మేరీలాండ్‌లోని లారెల్ దగ్గర కట్టారు. అందమైన పేరు, అడవి నీడలో ఆశ్రయమని. 1976లో తల్లిదండ్రులు దావా వేశారు, 1978లో నగరం రాజీ డిక్రీకి ఒప్పుకుంది, 1991లో చివరి నివాసి బయటికొచ్చారు. అందరినీ గ్రూప్ హోమ్‌లలో, అంటే నలుగురైదుగురు ఉండే ఇళ్ళలో పెట్టారు. వాటిని నడిపినవాళ్ళు ప్రైవేటు కాంట్రాక్టర్లు. 1999లో వాషింగ్టన్ పోస్ట్ విలేకరి కేథరిన్ బూ ఆ ఇళ్ళ లోపలికి వెళ్ళి రాసిన కథనాలు నగరాన్ని కుదిపేశాయి. ఆరేడేళ్ళలో వందకు పైగా మరణాలు, వాటిలో చాలావాటికి విచారణే లేదు. ఆ వరుసకు ఆ పత్రికకు 2000లో ప్రజాసేవ పులిట్జర్ వచ్చింది. ఒక పెద్ద గోడ కూలితే, లోపలి నిర్లక్ష్యం ఊరంతా చిన్న చిన్న గోడల వెనక సర్దుకుందని తేలింది. పెద్ద సంస్థలోనైతే ఒక్క తనిఖీతో వెయ్యిమంది కనబడేవారు. ఇప్పుడు వందలాది తలుపులు తట్టాలి.

అదే నగరంలో అదే కాలంలో రెండు రిసీవర్‌షిప్‌లు నడిచాయి. 1995లో పిల్లల సంక్షేమ శాఖను, 1997లో మానసిక ఆరోగ్య శాఖను కోర్టులు రిసీవర్ల చేతిలో పెట్టాయి. రెండూ 2002లోగా నగరానికి తిరిగొచ్చాయి. మేధో వైకల్యం ఉన్నవారి కేసులోనూ రిసీవరును వేయమని వాళ్ళ న్యాయవాదులు అడిగారు. కోర్టు అంతదూరం వెళ్ళకుండా 2010లో ఒక స్వతంత్ర అడ్మినిస్ట్రేటర్‌తో సరిపెట్టింది. ఆ కేసు 40 ఏళ్ళు నడిచి 2017లో ముగిసింది. 1976లో దావా వేసిన తల్లిదండ్రుల్లో ఎందరు ఆ ముగింపు చూశారో!

ఇంతవరకూ చెప్పినవి ప్రభుత్వ సంస్థలు. ప్రైవేటు హోమ్‌ల దారి వేరు, మన పరిస్థితికి దగ్గరదీ అదే. 1970ల చివర నుంచి విస్కాన్సిన్, ఇల్లినాయ్ వంటి రాష్ట్రాలు దీనికోసం విడిగా చట్టాలు చేసుకున్నాయి. వృద్ధుల నర్సింగ్ హోమ్‌ల కోసం పుట్టిన ఆ పద్ధతి తర్వాత వికలాంగుల హోమ్‌లకూ పాకింది. టెక్సస్ చట్టం ఈ మనిషిని ట్రస్టీ అంటుంది. పేరేదైనా పని తీరు దగ్గరగానే ఉంటుంది. హోమ్ లైసెన్సు లేకుండా నడుస్తున్నా, లోపలివాళ్ళ ప్రాణానికి ముప్పున్నా, యజమాని దివాలా తీసినా, ఎవరికీ ఏర్పాటు చేయకుండా మూసేస్తున్నా ఆరోగ్యశాఖ కోర్టుకు వెళ్ళవచ్చు. ముప్పు కళ్ళెదుట ఉంటే యజమాని వాదన వినకముందే తాత్కాలిక ఉత్తర్వు వస్తుంది, విచారణ ఆ తర్వాత కొద్ది రోజులకు.

ఆ మొదటి వారం గురించి చట్టం పుస్తకాలు అంతగా చెప్పవు. నాకు మాత్రం మొత్తం వ్యవహారంలో అదే ముఖ్యమనిపిస్తుంది. రిసీవరు వచ్చేసరికి సిబ్బందికి ఆయన మీద నమ్మకం ఉండదు. రెండు నెలల జీతం బాకీ, ఈ కొత్త మనిషి ఇస్తాడో లేదో తెలియదు. కాబట్టి మొదట చేయాల్సింది జీతాలు. తర్వాత కూరగాయలూ పాలూ సరఫరా చేసేవాళ్ళకు ఫోను. పాత బాకీ నాది కాదు, ఇవ్వాళ్టి నుంచి సరుకుకు నగదిస్తానని చెప్పాలి. ఫార్మసీకీ అదే మాట. కరెంటు, నీళ్ళు, ఇన్సూరెన్సు. ఆ తర్వాత ఒక్కొక్క మంచం దగ్గరికి వెళ్ళి, ఎవరికి ఏ మందు, ఏ ఆహారం, ఎవరికి ఏం చెబితే అర్థమవుతుంది అన్నది మళ్ళీ రాసుకోవాలి, ఎందుకంటే పాత రికార్డును నమ్మలేం. ఇంటివాళ్ళకు ఫోన్లు. వీటికి డబ్బెక్కణ్ణుంచి? అమెరికాలో ఇలాంటి నివాసుల ఖర్చు చాలావరకు మెడికెయిడ్ అనే ప్రభుత్వ పథకం భరిస్తుంది. మనిషికింతని వచ్చే ఆ సొమ్ము దారి మళ్ళి రిసీవరు ఖాతాలో పడుతుంది. అది చాలకపోతే కొన్ని రాష్ట్రాలు లైసెన్సు ఫీజులతోనో జరిమానాలతోనో ఒక నిధిని ముందే పోగేసి ఉంచుతాయి. నిధి లేని చోట రిసీవరు చేతిలో ఉత్తర్వు తప్ప ఏమీ ఉండదు.

ఇంకో మెలిక ఉంది. చాలా హోమ్‌లలో భవనం ఒక కంపెనీది, నడిపేది మరో కంపెనీ, రెండింటి వెనకా ఉన్నది ఒకే మనిషి. తన భవనానికి తనే మార్కెట్‌ను మించిన అద్దె కట్టుకుంటాడు. హోమ్ నష్టాల్లో ఉంటుంది, యజమాని లాభాల్లో ఉంటాడు. అందుకే మంచి చట్టాలు రిసీవరుకు ఆ అద్దెను ప్రశ్నించే హక్కునిచ్చాయి. న్యాయమైన అద్దె ఎంతో కోర్టు తేలుస్తుంది. ఆ హక్కు లేకపోతే రిసీవరు హోమ్‌ను బతికించడానికి తెచ్చిన డబ్బు దాన్ని ముంచినవాడి జేబులోకే వెళుతుంది.

వృద్ధుల హోమ్‌లలో ఇది ఎంత దాకా పోతుందో స్కైలైన్ కంపెనీ చూపించింది. న్యూజెర్సీలో ఒక పిజ్జా దుకాణం పైగదుల్లోంచి నడిచిన ఈ సంస్థ కొద్ది ఏళ్ళలోనే పలు రాష్ట్రాల్లో వందకు పైగా హోమ్‌లను చేజిక్కించుకుంది. 2018 వసంతంలో జీతాలకు డబ్బు లేదని చేతులెత్తేసింది. కాన్సస్, నెబ్రాస్కా, సౌత్ డకోటా రాష్ట్రాలు వారాల వ్యవధిలో కోర్టులకు పరుగెత్తి రిసీవర్లను వేయించుకున్నాయి. లోపలి ముసలివాళ్ళు చాలామంది తమ గదుల్లోనే ఉండగలిగారు. ఆ చట్టాలు ముందే రాసి పెట్టుకుని ఉండకపోతే, బస్సులెక్కించి ఎక్కడికి తీసుకెళ్ళేవారు? మేధో వైకల్యం ఉన్న మనిషికి తెలిసిన ఆయా, తెలిసిన కిటికీ, అన్నం వచ్చే వేళ, ఇవే లోకం. రాత్రికి రాత్రి వేరే ఊరికి మారిస్తే కొందరు తిండి మానేస్తారు, కొందరు తమను తాము కొట్టుకుంటారు. మార్పు అవసరమైన చోట కూడా దానికి నెలల తయారీ కావాలి. రిసీవరు కొనిచ్చేది ఆ నెలలనే.

ఇక ఈ ఆయుధం ఎదురు తిరిగిన కథ చెప్పాలి. మసాచుసెట్స్‌లో జడ్జ్ రోటెన్‌బర్గ్ సెంటర్ అనే సంస్థ ఉంది. ఆటిజం, మేధో వైకల్యం ఉన్నవాళ్ళు అందులో ఉంటారు. తమను తాము గాయపరచుకునే ప్రవర్తనను ఆపడానికంటూ ఒంటికి తగిలించిన యంత్రంతో కరెంటు షాకులివ్వడం దాని పద్ధతి. 1980ల నుంచి రాష్ట్రం దాన్ని అదుపు చేయాలని చూస్తోంది. 1987లో ఒక రాజీ డిక్రీ కుదిరింది. 1995లో జడ్జి ఎలిజబెత్ లాస్టైటీ విచారణ జరిపి, రాష్ట్ర శాఖ దురుద్దేశంతో ఆ సంస్థను వేధించిందనీ, డిక్రీని ధిక్కరించిందనీ తేల్చారు. రిసీవరును వేశారు. హోమ్ మీద కాదు, హోమ్‌ను నియంత్రించాల్సిన ప్రభుత్వ శాఖ అధికారం మీద! ఆ ఒక్క సంస్థ విషయంలో శాఖ చేయాల్సిన నియంత్రణ అంతా రిసీవరు చేతికి పోయింది. 1997లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం దాన్ని సమర్థించింది. 2006 దాకా అలాగే నడిచింది. 2013లో ఐక్యరాజ్యసమితి చిత్రహింసల ప్రత్యేక ప్రతినిధి హువాన్ మెండెజ్ ఆ షాకులు నివాసుల హక్కులకు భంగమన్నారు. 2020లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆ యంత్రాన్ని నిషేధిస్తే, 2021లో అప్పీలు కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. 2022 చివర కాంగ్రెస్ చట్టం మార్చి ఆహార, ఔషధ సంస్థకు అలా నిషేధించే అధికారమిచ్చింది. 2023లో కూడా రాష్ట్ర కోర్టు పాత డిక్రీని ఎత్తేయడానికి ఒప్పుకోలేదు.

అక్కడి తల్లిదండ్రులు కొందరు ఆ సంస్థ పక్షానే నిలబడ్డారని గుర్తుంచుకోవాలి. మరెక్కడా చేర్చుకోని తమ పిల్లలను చేర్చుకున్నది అదొక్కటేనని వాళ్ళు చెబుతారు. ఆ నిస్సహాయతను తేలిగ్గా తీసేయలేను. కానీ ఈ మొత్తం వ్యవహారంలో షాకు తగిలే మనిషి గొంతు ఎక్కడ? సంస్థకు లాయరున్నాడు, శాఖకు లాయరున్నాడు, తల్లిదండ్రులకు లాయరున్నాడు. రిసీవర్‌షిప్ ఎవరిని కాపాడుతుందన్నది కోర్టు ఎవరి మాట విన్నదన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. అలబామాలో జడ్జి నివాసుల మాటతో మొదలుపెట్టారు. ఇక్కడ సంస్థ ఫిర్యాదుతో మొదలైంది. పద్ధతి ఒకటే, ఫలితాలకు పొంతన లేదు.

మన దేశానికి వద్దాం. మన కోర్టులకు ఈ పని కొత్త కాదు, పేరే పెట్టలేదు. రాంచీ మానసిక ఆరోగ్యశాల దుస్థితి మీద 1980లలో సుప్రీంకోర్టుకు ఒక లేఖ వెళ్ళింది. రాకేశ్ చంద్ర నారాయణ్ కేసుగా నమోదైన ఆ వ్యవహారంలో కోర్టు నివేదికలు తెప్పించుకుంది. ఆహారం, మందులు, వార్డులు అన్నింటి మీదా ఆదేశాలిచ్చింది. బిహార్ ప్రభుత్వం కదలకపోవడంతో 1988లో ఒక నిర్వహణ కమిటీనే నియమించింది. ఏళ్ళ పర్యవేక్షణ తర్వాత అది స్వయంప్రతిపత్తి గల రిన్‌పాస్ అనే సంస్థగా మారింది. రిసీవర్‌షిప్‌కు అంతకన్నా దగ్గరగా వచ్చిన ఉదాహరణ మన దగ్గర నాకు తెలియదు. అది ప్రభుత్వ ఆసుపత్రి కావడం, సుప్రీంకోర్టే స్వయంగా పట్టుకోవడం వల్ల సాధ్యమైంది.

ప్రైవేటు హోమ్‌ల సంగతి ఎర్వాడి చెప్పింది. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఆ దర్గా ఊళ్ళో ఒక హోమ్‌కు నిప్పంటుకుంది. లోపలివాళ్ళు గొలుసులతో కట్టేసి ఉన్నారు. 28 మంది చనిపోయారు. వారం తిరిగేసరికి ఆ ఊళ్ళోని అలాంటి హోమ్‌లన్నీ మూయించారు. 500 మందికి పైగా మనుషులను అక్కణ్ణుంచి తరలించారు. గొలుసులు విప్పడం అవసరమే, దానికి రెండో మాట లేదు. కానీ మన వ్యవస్థకు తెలిసినవి ఆ రెండే పనులు: నిప్పంటుకునేదాకా చూడకపోవడం, అంటుకున్నాక అన్నీ మూసేయడం.

2016 వికలాంగుల హక్కుల చట్టంలోనూ ఆ రెండే తలుపులు కనబడతాయి. హోమ్‌లు రిజిస్టర్ కావాలి, ప్రమాణాలు పాటించకపోతే అధికారి రిజిస్ట్రేషన్ రద్దు చేయవచ్చు. రద్దయ్యాక లోపలివాళ్ళ సంగతేమిటి? 52వ సెక్షన్ చెప్పేది ఇంతే: తల్లిదండ్రులకో, జీవిత భాగస్వామికో, చట్టబద్ధ సంరక్షకుడికో అప్పగించడం, లేదా వేరే సంస్థకు మార్చడం. ఆ తల్లి ఎనభయ్యేళ్ళ వయసులో కొడుకును మోయలేకే అక్కడ చేర్చి ఉంటుంది. ఆ వేరే సంస్థ జిల్లాలో ఉండకపోవచ్చు. తలుపు ఎటు తీసినా ఇబ్బందే కనుక, మంచి అధికారి కూడా రద్దు చేయడానికి జంకుతాడు. అలా చెడ్డ హోమ్ బతికిపోతుంది. పైగా 54వ సెక్షన్ ప్రకారం ఈ అధ్యాయమంతా ప్రభుత్వమే నడిపే సంస్థలకు వర్తించదు. ఢిల్లీలో ప్రభుత్వం నడిపే ఆశా కిరణ్‌లో 2024 జులై ఒక్క నెలలో పదిమందికి పైగా చనిపోయినప్పుడు హైకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇలాంటి ప్రభుత్వ హోమ్‌ల పరిశీలనను జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు అప్పగించింది. మంచి అడుగే. మనం పైన చెప్పుకున్న మూడు మెట్లలో అది మానిటర్ మెట్టు. సంతకం పెట్టే చేయి ఇంకా రాలేదు.

ఆ చేయి మనకు చేతకానిదా? 2009 జనవరిలో హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ లెక్కలు బద్దలైనప్పుడు కేంద్రం రోజుల్లోనే పాత బోర్డును తొలగించి కొత్త డైరెక్టర్లను కూర్చోబెట్టింది. జీతాలు ఆగలేదు, క్లయింట్లు చాలామంది నిలబడ్డారు, ఏప్రిల్ కల్లా కొత్త యజమాని దొరికాడు. యజమాని చేసిన తప్పుకు 50 వేల మంది ఉద్యోగులు బలి కాకూడదని అందరికీ వెంటనే తట్టింది. గుడి మాన్యాలు అన్యాక్రాంతమవుతుంటే ఎండోమెంట్స్ శాఖ ఈవోను పంపుతుంది. దేవుడు మైనరు, ఆయన ఆస్తిని ఎవరో ఒకరు చూడాలన్నది మన చట్టం ఏనాడో ఒప్పుకున్న మాట. కంపెనీని, గుడిని, కొబ్బరితోటను ఇలా కాపాడుకోవడం వచ్చిన సమాజానికి హోమ్‌ను కాపాడుకోవడం రాదని నేననుకోను.

మన తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్న రెండు వైపుల నుంచీ తగులుతుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న మేధో వైకల్య జాతీయ సంస్థకు పిల్లలను తీసుకొచ్చే తల్లిదండ్రులు కొన్నేళ్ళకు అడిగే ప్రశ్న ఒకటే: "మా తర్వాత వీణ్ణెవరు చూస్తారు?" టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడి, ఎదిగిన కొడుకును గ్రూప్ హోమ్‌లో పెట్టిన తెలుగు తల్లి అడిగేదీ అదే. తేడా ఏమిటంటే, ఆమె ఉన్న చోట హోమ్ కూలిపోతే ఏ కోర్టుకు వెళ్ళాలో రాసి ఉంది.

మన దగ్గర కూడా పూర్తిగా శూన్యం కాదు. చట్టం మారేదాకా వాడుకోదగ్గ ఒక పాత దారి సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్‌లో ఉంది. మన హోమ్‌లు చాలావరకు ట్రస్టుల పేరిట నడుస్తాయి. ప్రజాధార్మిక ట్రస్టు దారి తప్పినప్పుడు, అందులో ప్రయోజనం ఉన్న ఇద్దరు వ్యక్తులు కోర్టు అనుమతితో దావా వేయవచ్చు. పాత ట్రస్టీలను తొలగించి కొత్తవాళ్ళను నియమించమని, లెక్కలు చెప్పించమని, నిర్వహణకు ఒక స్కీము రాయమని అడగవచ్చు. దావా నడుస్తుండగా 40వ ఆర్డరు కింద రిసీవరునూ కోరవచ్చు. గుళ్ళ కోసం, సత్రాల కోసం ఈ సెక్షన్ వందేళ్ళుగా వాడుతున్నారు.

ఇద్దరు చాలు. ఒకే హోమ్‌లో కొడుకులున్న ఇద్దరు తల్లులు జిల్లా కోర్టుకు వెళ్ళారనుకుందాం. అర్జీలో రాయాల్సినవి ఇప్పుడు తెలుసు. వంటమనిషికీ ఆయాలకూ బాకీ ఉన్న జీతం మొదటి వారంలో ఇవ్వాలి. మందుల బీరువా తాళం రిసీవరు దగ్గర ఉండాలి. భవనం అద్దె ఎవరికి పోతోందో లెక్క తేలాలి. రిసీవరు ప్రతి నెలా కోర్టుకు ఇచ్చే నివేదికలో ప్రతి మనిషి గురించీ ఒక పేరా ఉండాలి, అతను మాట్లాడలేకపోయినా సరే, ఏం తిన్నాడు, ఎలా పడుకున్నాడు, దేనికి నవ్వాడు. విచారణ ముగిసేదాకా ఒక్కరిని కూడా వాళ్ళ మంచం మీంచి కదపకూడదు.

దావా నంబరు పడాలంటే ముందు కోర్టు అనుమతి రావాలి. ఆ అనుమతికి ఎన్ని వాయిదాలు పడతాయన్నది కోనసీమ రైతునడిగినా చెబుతాడు. తోటలోని కాయలాగే ఆ పిల్లవాడి మూడు పూటల మందూ వాయిదాల కోసం ఆగదు.